ఒక పన్ను, రెండు పొగలు

2007లో నార్వే ప్రభుత్వం కొత్త కార్ల మీద వేసే రిజిస్ట్రేషన్ పన్నును లెక్కగట్టే పద్ధతి మార్చింది. అంతవరకు చూస్తున్న ఇంజను పరిమాణాన్ని పక్కనపెట్టి, బండి కిలోమీటరుకు ఎన్ని గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వదులుతుందో చూడడం మొదలుపెట్టింది. భూతాపాన్ని పెంచే వాయువును ఎక్కువగా వదిలే కారు ఖరీదు కావాలి, తక్కువగా వదిలేది చవక కావాలి అన్నది ఉద్దేశం. జనం లెక్క వేసుకుని డీజిల్ కార్లు కొన్నారు. కొత్త కార్లలో అంతకుముందు సగం దాకా ఉన్న డీజిల్ వాటా ఒక్క ఏడాదిలోనే నాలుగింట మూడు వంతులకు చేరింది.

దీనికి కారణం ఇంజను లోపల ఉంది. లీటరు పెట్రోలు ముప్పావు కిలో తూగుతుంది, కానీ అది మండితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. ఇంధనంలోని ఒక్కో కార్బన్ పరమాణువు గాలిలోని రెండు ఆక్సిజన్ పరమాణువులను కలుపుకుని బయటికి పోవడమే ఈ అదనపు బరువుకు మూలం. లీటరు డీజిల్ నుంచి వచ్చేది ఇంకా ఎక్కువ, దాదాపు 2.7 కిలోలు. అయినా డీజిల్ ఇంజను గాలిని బాగా అదిమి, ఆ వేడితోనే ఇంధనాన్ని మండిస్తుంది కనుక అదే దూరానికి తక్కువ ఇంధనం చాలుతుంది, కిలోమీటరు లెక్కన కార్బన్ డయాక్సైడ్ కూడా తగ్గుతుంది. అయితే అదే వేడిలో, అదే ఒత్తిడిలో గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లుగా మారతాయి. పెట్రోలు కారు పొగగొట్టంలోని ఉత్ప్రేరక పరికరం వీటిని చాలావరకు విడగొట్టగలదు. డీజిల్ పొగలో ఆక్సిజన్ మిగిలి ఉంటుంది కాబట్టి అక్కడ ఆ పని అంత సులువుగా సాగదు.

ఈ రెండు వాయువుల స్వభావాలు వేరు. కార్బన్ డయాక్సైడ్ ఎక్కడ విడుదలైనా ప్రపంచమంతటి గాలిలో కలిసిపోయి, అందులో కొంత భాగం శతాబ్దాల పాటు నిలిచి ఉంటుంది. నైట్రోజన్ ఆక్సైడ్లు పుట్టిన వీధిలోనే తిరుగుతూ అక్కడి పిల్లల, వృద్ధుల ఊపిరితిత్తులను బాధిస్తాయి. కొండల నడుమ ఉన్న బెర్గెన్ నగరంలో చలికాలపు చల్లగాలి కింద, వెచ్చని గాలి పైన మూతలా నిలిచినప్పుడు పొగ ఎటూ కదలదు. 2010 జనవరిలో అక్కడ సరి, బేసి నంబర్ల వంతున కార్లను రోడ్డెక్కనివ్వాల్సి వచ్చింది. 2017 జనవరిలో ఓస్లో నగరం తన వీధుల్లో డీజిల్ కార్లను తాత్కాలికంగా నిషేధించింది. ప్రభుత్వ పన్ను చూసి డీజిల్ కారు కొన్న కుటుంబాలకు అది ఎంత కష్టంగా తోచి ఉంటుందో ఊహించవచ్చు.

నార్వే ఆ పన్నును రద్దు చేయలేదు, సరిదిద్దింది. 2012లో నైట్రోజన్ ఆక్సైడ్లను కూడా లెక్కలో చేర్చింది. 1990 నుంచే రిజిస్ట్రేషన్ పన్ను లేని విద్యుత్ కార్లకు 2001లో విలువ ఆధారిత పన్ను నుంచి కూడా మినహాయింపు దొరికింది. 2024లో అక్కడ అమ్ముడైన కొత్త కార్లలో దాదాపు 89 శాతం విద్యుత్ కార్లే. ఇక్కడ నాకు ముఖ్యంగా కనిపించేది మినహాయింపు ఒక్కటే కాదు, పెట్రోలు కారు మీద పడే బరువైన పన్ను కూడా. ఆ రెండూ కలిస్తేనే ధరల్లో అంత తేడా వచ్చింది. 2023 నుంచి విద్యుత్ కార్లకు కూడా బరువును బట్టి పన్ను పడుతోంది. పొగ లేని కారు టైర్లు కూడా రోడ్డును అరగదీసి ధూళి లేపుతాయి మరి.

మన తెలుగు రాష్ట్రాల్లో సొంత కారుకు కట్టే లైఫ్ ట్యాక్స్ ప్రధానంగా బండి ధరను బట్టి ఉంటుంది. ఒకే ధర ఉన్న రెండు కార్లలో ఏది ఎంత పొగ వదులుతుందో ఆ పన్నుకు పట్టదు. ఈ లోటు దిద్దుకోదగినదే. తెలంగాణ 2024 నవంబరులో విద్యుత్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము 2026 డిసెంబరు దాకా తీసేసింది. నార్వే కరెంటులో అత్యధిక భాగం జలవిద్యుత్తు. మనది ఎక్కువగా బొగ్గుది. కాబట్టి హైదరాబాదు వీధిలో పొగ వెంటనే తగ్గినా, కార్బన్ డయాక్సైడ్‌లో కొంత రామగుండం, కొత్తగూడెం పొగగొట్టాల నుంచి వస్తూనే ఉంటుంది.