రౌటర్‌లో ప్యాకేజీ మేనేజర్ ఎందుకు ఉండదు: అపోహలు, వాస్తవాలు

“ఇందులో ఉన్నది లినక్సే కదా, మరి ఏపీటీ ఏది? కంపెనీ వాళ్లు కావాలనే తీసేశారా?” రౌటర్ల ఫర్మ్‌వేర్ (రౌటర్ లోపల నడిచే సాఫ్ట్‌వేర్) పనిలో ఉన్న నన్ను ఈ మాట అడగనివారు అరుదు. ఏపీటీ అంటే డెబియన్, ఉబుంటు వంటి లినక్స్ వ్యవస్థల్లో సాఫ్ట్‌వేర్‌ను ప్యాకేజీలుగా తెచ్చి, వేసి, అప్‌గ్రేడ్ చేసే ప్యాకేజీ మేనేజర్. తీసేయడానికి అది మొదట అందులో ఉంటే కదా! డెబియన్‌ను తెచ్చి, చెక్కి రౌటర్‌లో కూర్చోబెట్టరు. కెర్నల్ (వ్యవస్థకు గుండెకాయ), బిజీబాక్స్ (చిన్న కమాండ్లన్నీ కలిపిన మూట), వైఫై డ్రైవరు, వెబ్ పేజీలు అన్నింటినీ వేరే కంప్యూటర్ మీద కంపైల్ చేసి, ఒకే ఇమేజిగా కట్టి ఫ్లాష్ మెమరీలోకి ఎక్కిస్తారు. చవక రౌటర్లలో ఆ ఫ్లాష్ 8 ఎంబీ, కొన్ని పాతవాటిలో 4 ఎంబీయే ఉంటుంది. బూట్‌లోడరు (రౌటర్‌ను లేపే చిన్న ప్రోగ్రాము), సెట్టింగులు, వైఫై క్యాలిబ్రేషన్ వివరాలు కూడా అందులోనే సర్దుకోవాలి. 2005లో లింక్‌సిస్ కంపెనీ డబ్ల్యూఆర్‌టీ54జీ అనే రౌటర్ అయిదో వెర్షన్‌లో ఫ్లాష్‌ను 2 ఎంబీకి తగ్గించి, ఏకంగా లినక్స్‌నే వదిలి వీఎక్స్‌వర్క్స్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్‌కు మారారు. అలాంటి చోట ప్యాకేజీల జాబితాకు కూడా జాగా దొరకదు.

అన్నింటికంటే ఎక్కువ నష్టపరిచే అపోహ వేరే ఉంది: ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రౌటర్ల కోసం తయారైన ఓపెన్‌సోర్స్ లినక్స్ ఫర్మ్‌వేర్) ఎక్కించుకుంటే ప్యాకేజీ మేనేజర్ వస్తుంది కనుక, ఉబుంటులో చేసినట్టే ప్యాకేజీలన్నీ ఒక్కసారిగా అప్‌గ్రేడ్ చేసుకోవచ్చని. దయచేసి చేయకండి. మూల వ్యవస్థ స్క్వాష్‌ఎఫ్‌ఎస్ అనే చదవడానికే వీలున్న ఫైల్ సిస్టమ్‌లో కుదించి ఉంటుంది, దానిలోకి రాయడం కుదరదు. మీరు అప్‌గ్రేడ్ చేసిన ప్రతి ఫైలూ పైనున్న ఓవర్‌లే అనే రాయగల పొరలో చేరుతుంది, పాతది కింద అలాగే ఉండిపోతుంది. ఇమేజితో వచ్చిన ప్యాకేజీని తొలగించినా ఒక్క బైటు జాగా కూడా ఆదా కాదు. పైగా కెర్నల్ వేరే చోట ఉంటుంది కనుక ప్యాకేజీలతోపాటు మారదు, దానితో కొత్త మాడ్యూళ్లకు (కెర్నల్‌కు జోడించే డ్రైవర్ల వంటి భాగాలకు) పొత్తు కుదరదు. ఆ ప్రాజెక్టువారే వద్దని హెచ్చరిస్తున్నా, “ఏమీ కాదు” అన్న గాలిమాటకే విలువ ఎక్కువ.

ఒక డిగ్రీ విద్యార్థి అర్ధరాత్రి ఇదే పని చేశాడు. ఓవర్‌లే నూటికి నూరు శాతం నిండి, లైబ్రరీలు సగం సగం రాయబడి, వెబ్ పేజీ తెరుచుకోక, తెల్లారితే తండ్రి ఇంటి నుంచే ఆఫీసు పని చేసుకోవాలన్న భయంతో రౌటర్ పట్టుకుని వచ్చాడు. ఆ కంగారు నేనెరిగినదే, మొదట్లో నేనూ ఒకటి రెండు పాడుచేశాను. కేబులు తగిలించి, కంప్యూటర్‌కు 192.168.1.2 అడ్రసు ఇచ్చి, బూటయ్యేటప్పుడు లైటు మిణుకుమనగానే రీసెట్ బటన్ నొక్కి ఫెయిల్‌సేఫ్‌లోకి (ఓవర్‌లే జోలికి పోకుండా లేచే అత్యవసర పద్ధతిలోకి) వెళ్లాము. ఫస్ట్‌బూట్ అన్న ఒక్క కమాండుతో ఓవర్‌లే చెరిగిపోయింది, అడుగున చెక్కుచెదరని అసలు వ్యవస్థ పైకి వచ్చింది. లోపమని అతను తిట్టుకున్న ఏర్పాటే అతని రౌటర్‌ను కాపాడింది.

ప్యాకేజీ మేనేజర్ లేకపోతే భద్రతా సవరణలు రావన్నదీ నిజం కాదు. అవి పూర్తి ఇమేజిగా వస్తాయి, వచ్చినప్పుడు వేసుకోవాలి. కొన్నేళ్లకే కంపెనీలు ఇమేజిలు ఇవ్వడం మానేస్తాయన్న ఫిర్యాదు మాత్రం న్యాయమైనదే, కానీ ఏపీటీ ఉన్నా సవరణలు తయారుచేసేవారు లేకపోతే అది తెచ్చేదేమీ ఉండదు. ఇక జీపీఎల్ (లినక్స్ కెర్నల్ విడుదలయ్యే లైసెన్సు) ప్రకారం ప్యాకేజీ మేనేజర్ ఇచ్చి తీరాలన్న వాదన వట్టిది, ఆ లైసెన్సు అడిగేది సోర్సు కోడునే.

ఆ అబ్బాయి రౌటర్ అరగంటలో లేచింది. ఓవర్‌లేతోపాటు సెట్టింగులూ చెరిగిపోయి, పీపీపీఓఈ (నెట్ కంపెనీకి రౌటర్ లాగిన్ అయ్యే పద్ధతి) పాస్‌వర్డు ఇంట్లో ఎవరూ రాసిపెట్టుకోనందున, నెట్ రావడానికి మాత్రం మధ్యాహ్నమైంది.