మసక డేటాతో ప్రోటీన్ రూపం: అపోహలు - వాస్తవాలు

బరంపురంలో నా దగ్గర క్రిస్టలోగ్రఫీ (స్ఫటికం మీద ఎక్స్-కిరణాలు వేసి, అవి చెదిరి పడే చుక్కలు, అంటే స్పాట్ల నుంచి అణువు రూపం రాబట్టే విద్య) నేర్చుకునే మన తెలుగు పిల్లలు, ముఖ్యంగా పర్లాకిమిడి, రాయగడ వైపు నుంచి వచ్చినవాళ్లు, తరచూ టెన్షన్ పడే సంగతులు ఇవి.

అపోహ: 4 ఆంగ్‌స్ట్రామ్ డేటా దండగ. (ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పది కోట్లో వంతు. ఎంత చిన్న వివరం విడిగా కనిపిస్తుందో చెప్పే ఈ అంకే రిజల్యూషన్; అది పెద్దదయ్యేకొద్దీ డేటా మసక.)

వాస్తవం: 1960లో మాక్స్ పెరుట్జ్ హీమోగ్లోబిన్ రూపం చూపించింది 5.5 ఆంగ్‌స్ట్రామ్ దగ్గరే. నాలుగు గొలుసుల అమరిక, హీమ్‌లు (ఇనుము ఉన్న భాగాలు) ఉన్న చోట్లు అందులోనే తేలాయి. 1962లో నోబెల్ కూడా వచ్చింది. కాకపోతే కొరాపుట్ వైపు ఎన్నో ఇళ్లను పీడించే సికిల్ సెల్ మార్పు, అంటే బీటా గొలుసు ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం పోయి వాలీన్ రావడం, అలాంటి మ్యాపులో (డేటా నుంచి గీసే ఎలక్ట్రాన్ సాంద్రత పటంలో) దొరకదు. అక్కడ హెలిక్సులు (గొలుసు చుట్టలు తిరిగిన భాగాలు) కడ్డీల్లా కనిపిస్తాయి, ఒక్కో అమైనో ఆమ్లాన్ని గుర్తుపట్టించే సైడ్ చైన్లు కనిపించవు. డేటా చెప్పగలిగిందే దాన్ని అడగాలి.

అపోహ: స్ఫటికం పెద్దదైతే రిజల్యూషన్ దానంతటదే మెరుగవుతుంది.

వాస్తవం: లోపల అణువులు క్రమంగా పేరుకోకపోతే ఎంత పెద్దదైనా లాభం లేదు. ప్రోటీన్ స్ఫటికంలో దాదాపు సగం ద్రావణమే, కాబట్టి ఆ పేర్పు వదులుగానే ఉంటుంది.

అపోహ: ఆర్-ఫ్యాక్టర్ (మోడల్‌కీ డేటాకీ ఉన్న తేడా) తగ్గితే మోడల్ బాగుపడినట్టే.

వాస్తవం: ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. 2 ఆంగ్‌స్ట్రామ్ నుంచి 4కి వస్తే స్పాట్లు ఎనిమిదో వంతుకు పడిపోతాయి. పరమాణువులు మాత్రం అన్నే ఉంటాయి, ఒక్కోదానికి స్థానం చెప్పే మూడు కొలతలు, పైన అది ఎంత కదులుతోందో చెప్పే ఒక బి-ఫ్యాక్టర్. తెలిసింది తక్కువ, తేల్చాల్సింది ఎక్కువ అయినప్పుడు తప్పు మోడల్ కూడా డేటాకి అతికిపోతుంది. అందుకే శాస్త్రవేత్త బ్రుంగర్ 1992లో ఫ్రీ-ఆర్ తెచ్చాడు. కొన్ని స్పాట్లను మొదటే పక్కన పెట్టి, రిఫైన్‌మెంట్‌కి (మోడల్‌ని డేటాకి సరిపోయేలా సవరించే పనికి) చూపించకుండా, వాటితోనే మోడల్‌ని పరీక్షిస్తాం. మామూలు ఆర్ దిగుతూ ఫ్రీ-ఆర్ కదలకపోతే ఆగిపోవాలి. 4 ఆంగ్‌స్ట్రామ్ మ్యాపులో ఎవరైనా నీటి అణువులు పెడితే ముందు అవి తీయిస్తాను. "ఆర్ తగ్గింది కదా మేడమ్" అంటారు. తగ్గుతుంది మరి, ఏం పెట్టినా తగ్గుతుంది!

అపోహ: రామచంద్రన్ ప్లాట్ (గొలుసు మలుపుల కోణాలు సాధ్యమైనవేనా అని చూపే పటం) శుభ్రంగా ఉంటే ఢోకా లేదు.

వాస్తవం: ఆ నియమాలనే రిఫైన్‌మెంట్‌లో బిగించి, తర్వాత అదే ప్లాట్ చూపించడం పేపర్ లీక్ చేసి మార్కులు చూసి మురిసిపోవడమే.

అపోహ: ఆల్ఫాఫోల్డ్ (అమైనో ఆమ్లాల వరస నుంచి ప్రోటీన్ రూపం ఊహించే ఏఐ ప్రోగ్రాం) ఉండగా మసక డేటాతో పనేంటి?

వాస్తవం: ఆ మోడల్‌తో ఫేజులు (మ్యాపు వేయడానికి కావాల్సినవి, కానీ స్పాట్లలో నేరుగా దొరకనివి) సంపాదించడం ఇప్పుడు చాలా సులువైంది, నిజమే. కానీ ఫేజులు మోడల్‌వి కాబట్టి మ్యాపు కూడా మోడల్ పాటే పాడుతుంది. అనుమానమున్న హెలిక్స్‌ని తీసేసి, మిగిలినదాన్ని మళ్లీ రిఫైన్ చేసి మ్యాపు వేయండి. ఖాళీ చేసిన చోట కడ్డీ తిరిగొస్తే ఉంచండి, లేకపోతే పేపర్లో దాని ఊసెత్తకండి.