అంబాసిడర్, పద్మిని తలుపు సరిగా పడకపోతే: లాచ్ గురించి అపోహలు, వాస్తవాలు

పాత కారు తలుపు రెండుసార్లు బాదితే గానీ పడదు. లేదంటే పడ్డ తలుపు ఎంత లాగినా రాదు. రెండింటికీ షెడ్డులో వినిపించే మాట ఒకటే: "లాచ్ పోయింది, మార్చేద్దాం." పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపరాలో అంబాసిడర్ తయారీ 2014 మేలో ఆగిపోయింది, పద్మిని అంతకన్నా ముందే ఆగింది. కారుతో పాటు వచ్చిన అసలు లాచ్‌ను పారేశారంటే దానికి సాటివచ్చేది దొరకడం కష్టం. అందుకే విప్పే ముందు తప్పు ఎక్కడుందో తేల్చుకోవాలి.

మోడల్‌ను బట్టి ఆకారం మారినా లాచ్ చేసే పని ఒకటే. తలుపు చట్రం స్తంభానికి బిగించిన లోహపు ముక్కను, అంటే స్ట్రైకర్‌ను, లాచ్‌లోని ఒక కొక్కెం తిరిగి పట్టుకుంటుంది. ఆ కొక్కెం వెనక్కి తిరగకుండా చిన్న ఉక్కు నాలుక అడ్డుపడుతుంది. హ్యాండిల్ లాగితే ఆ నాలుక పక్కకు తప్పుకుంటుంది.

అపోహ: తలుపు ఎత్తిపట్టి వేయాల్సి వస్తోందంటే లాచ్ అరిగినట్టే.

వాస్తవం: అరిగింది కీలు. తలుపును సగం తెరిచి, లాచ్ వైపు అంచు కింద చెయ్యి పెట్టి మెల్లగా పైకి ఎత్తండి. ఇంకొకరు కీళ్ల మీద వేలు ఆనించి చూడాలి. పిన్ దగ్గర కదలిక తెలిస్తే లాచ్ జోలికి వెళ్లక్కర్లేదు. లెక్క చూడండి: రెండు కీళ్ల మధ్య దూరం 40 సెంటీమీటర్లు, కీళ్ల నుంచి లాచ్ వరకు ఒక మీటరు అనుకుందాం. పై కీలులో అర మిల్లీమీటరు లూజు ఉంటే లాచ్ దగ్గర తలుపు 1.25 మిల్లీమీటర్లు దిగుతుంది. కింది కీలు కూడా అంతే అరిగితే 2.5 మిల్లీమీటర్లు. కొక్కెం స్ట్రైకర్ మధ్యలోకి వెళ్లకుండా అంచుకు తగలడానికి అది చాలు.

చాలాచోట్ల ఇక్కడే స్ట్రైకర్‌ను కిందికి జరిపి పంపేస్తారు. తలుపు పడుతుంది, నిజమే. కానీ కీలు ఇంకా అరుగుతూనే ఉంటుంది. కొన్నాళ్లకు స్ట్రైకర్ జరపడానికి చోటే ఉండదు. సరైన వరుస ఇది: తలుపు కింద జాకీ, దాని మీద చెక్కముక్క పెట్టి బరువు ఆపాలి. పిన్ తీసి, సాగిన రంధ్రాన్ని లేత్ షాపులో గుండ్రంగా చేయించి, గన్‌మెటల్ బుష్ (కంచులాంటి లోహపు గొట్టం) ఎక్కించి, దానికి తగ్గ కొత్త పిన్ వేయించాలి. స్ట్రైకర్ ఆ తర్వాత. పాత స్థానం చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి, సుత్తితో తడితే కదిలేంత మాత్రమే స్క్రూలు వదులు చేసి, ఒక్కోసారి ఒక్క మిల్లీమీటరు జరపండి. తుప్పుతో బిగుసుకున్న స్క్రూలకు మామూలు స్క్రూడ్రైవర్ వాడితే తలలు చెడతాయి. సుత్తితో కొట్టి తిప్పే ఇంపాక్ట్ డ్రైవర్ వాడండి.

అపోహ: కొత్త బీడింగ్ (తలుపు చుట్టూ ఉండే రబ్బరు పట్టీ) వేశాక తలుపు పడటం లేదు, లాచ్ సర్దాలి.

వాస్తవం: బీడింగ్ తీసేసి ఒకసారి వేసి చూడండి. తేలిగ్గా పడిందా, లాచ్ బాగానే ఉంది, రబ్బరే మందం. దానికోసం స్ట్రైకర్‌ను బయటికి లాగితే రబ్బరు అణిగాక తలుపు గడగడలాడుతుంది. సరైన మందం రబ్బరు వెతకడమే మందు.

అపోహ: గతుకుల్లో తలుపు దానంతటదే తెరుచుకుంటే స్ప్రింగ్ వీకయింది, గట్టిది వేయాలి.

వాస్తవం: ముందు బయటి హ్యాండిల్ చూడండి. బటన్ నొక్కే రకంలో, బటన్ వెనక కడ్డీకీ లాచ్ లివర్‌కీ మధ్య 1 నుంచి 1.5 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. ఆ ఖాళీ లేకపోతే కడ్డీ ఎప్పుడూ లివర్‌ను కాస్త నొక్కే ఉంచుతుంది, నాలుక అంచు మీదే నిలబడుతుంది. ఒక్క కుదుపుకు జారిపోతుంది. కొత్త హ్యాండిల్ వేసిన వెంటనే ఈ జబ్బు మొదలైతే కారణం దాదాపు ఇదే. గట్టి స్ప్రింగ్ వేస్తే హ్యాండిల్ బరువెక్కి, దాన్ని లాచ్‌కు కలిపే లింకు రాడ్లు వంగుతాయి. స్ప్రింగ్ నిజంగానే విరిగితే, అదే తీగ మందం, అన్నే చుట్లతో చేయించండి.

అపోహ: డబ్ల్యూడీ-40 స్ప్రే కొడితే చాలు. లేదా గ్రీజు దట్టిస్తే చాలు.

వాస్తవం: 1953లో అమెరికాలో డబ్ల్యూడీ-40ని తయారు చేసింది నీటిని తరమడానికి. పేరులోని రెండక్షరాల అర్థం అదే. బిగుసుకున్నదాన్ని వదిలించడానికి మంచిదే గానీ, అందులోని ద్రావకం ఆరాక మిగిలేది పలచని నూనె పొర. కొక్కెం ఇరుసుకు అది చాలదు. ఇక దట్టించిన గ్రీజు మన రోడ్ల దుమ్ముతో కలిసి నూరుడు ముద్దలా తయారై లోహాన్ని అరగదీస్తుంది. ఏళ్లు గడిస్తే మైనంలా గట్టిపడి నాలుకను కదలనివ్వదు. "లాచ్ పోయింది" అని తీసేసిన వాటిలో ఈ మైనం తప్ప వేరే లోపం లేనివి ఎన్నో.

లాచ్‌ను విప్పండి. అంతకుముందే రాడ్లు ఎటు తగిలి ఉన్నాయో ఫొటో తీసుకోండి. రబ్బరు బంపులు ఉంటే తీసేయండి, కిరసనాయిల్లో అవి ఉబ్బుతాయి. రాత్రంతా కిరసనాయిల్లో నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, గాలి కొట్టి పూర్తిగా ఆరబెట్టండి. ఇరుసుకు రెండు చుక్కల ఇంజినాయిలు, కొక్కెం, నాలుక కలిసే చోట శనగగింజంత లిథియం గ్రీజు. అంతే. తాళం చెవి రంధ్రంలో నూనె వద్దు, గ్రాఫైట్ పొడి చాలు. పనిలో పనిగా తలుపు అడుగున నీరు పోయే రంధ్రాల్లో తీగ ఆడించండి. అవి మూసుకుపోతే వాన నీరు లోపలే నిలిచి, ఆ తేమకు లాచ్ తుప్పు పడుతుంది. విశాఖ, మచిలీపట్నం లాంటి ఉప్పు గాలి ఊళ్లలో ఇంకా త్వరగా.

అపోహ: నాలుక అంచు అరిగితే వెల్డింగ్ పెట్టి, ఆకురాయితో రుద్దితే సరి.

వాస్తవం: ఆ అంచు గట్టిపరచిన ఉక్కు. వెల్డింగ్ వేడికి ఆ గట్టిదనం పోయి మెత్తబడుతుంది. ఆకురాయి పెడితే పైపొరే ఊడుతుంది. బయటికి కొత్తదానిలా కనిపిస్తుంది, త్వరలోనే మళ్లీ గుండ్రబడుతుంది, ఈసారి రోడ్డు మీద. నాలుక అంచు పదునుగా లేకుండా గుండ్రంగా తేలితే, స్క్రాప్‌లో అదే వైపు తలుపు లాచ్ వెతికి అందులో మంచి భాగాలు తీసుకోవాలి. కుడిది ఎడమకు రాదు. ఈ ఒక్క విషయంలో రాజీ వద్దని గట్టిగా చెబుతాం. ఆ తలుపు పక్కన కూర్చునేది పిల్లలు.

అపోహ: ఒక క్లిక్ పడినా తలుపు పడినట్టే.

వాస్తవం: మొదటి క్లిక్ తలుపు ఊడిపోకుండా కాపాడే సగం పట్టు మాత్రమే. 1968 నుంచి అమెరికాలో అమలైన తలుపు లాచ్ ప్రమాణం ప్రకారం, పూర్తిగా పడ్డ లాచ్ పొడవు దిశలో 2,500 పౌండ్ల బలాన్ని తట్టుకోవాలి, సగం పట్టుకైతే 1,000 పౌండ్లే. మన పాత డిజైన్లు ఆ ప్రమాణానికి ముందువి. తేడా ఎంత ఉంటుందో తెలియడానికే ఈ అంకెలు.

మూసుకుపోయి తెరుచుకోని తలుపును హ్యాండిల్ పట్టుకుని గుంజకండి. ఒకరు తలుపును బయటి నుంచి లోపలికి గట్టిగా నొక్కి పట్టాలి, ఆ క్షణంలోనే ఇంకొకరు లోపలి హ్యాండిల్ లాగాలి. నాలుక మీద భారం తగ్గి, ఎక్కువసార్లు వదులుతుంది.

లాచ్ బిగించాక తలుపు వెంటనే వేయకండి. తలుపు తెరిచి ఉండగానే స్క్రూడ్రైవర్‌తో కొక్కేన్ని తిప్పండి, వరుసగా రెండు క్లిక్‌లు వినబడాలి. తర్వాత బయటి హ్యాండిల్‌తో, మళ్లీ లోపలి హ్యాండిల్‌తో వదిలించి చూడండి. ప్రతిసారీ కొక్కెం టక్కున పూర్తిగా తెరుచుకోవాలి. తెరుచుకోకపోతే తలుపు వేయొద్దు. మూసుకున్న కొక్కెం నేరుగా స్ట్రైకర్‌కు కొట్టుకుంటుంది. ఒకవేళ ఎలాగో పడినా, మళ్లీ తెరవడానికి సీటు విప్పి లోపలి నుంచి డోర్‌ప్యాడ్ (తలుపు లోపలి వైపు అట్ట) ఊడదీయాల్సి వస్తుంది.