మల్లి తోక ఊపిన రోజు

బుజ్జీ, చిన్నీ,

మీ ఇద్దరికీ అమ్మమ్మ ఆశీస్సులు. కుక్కపిల్లను కొనిపెట్టమని నాన్నకు నన్ను కూడా చెప్పమన్నారు కదా. నాన్నతో మాట్లాడేముందు మా కుక్క మల్లి సంగతి మీకు చెప్పాలి. దాన్ని మీరు ఫోనులో చూడటమే గాని, ఎలా వచ్చిందో పూర్తిగా తెలియదు.

పోయిన ఆషాఢంలో దాన్ని జంతు సంరక్షణ కేంద్రం నుంచి తెచ్చుకున్నాం. ఏదో బండి గుద్ది వెనక కాలు విరిగితే, దారిన పోయేవాళ్లు అక్కడ చేర్చారట. కాలు అతుక్కుంది గాని కాస్త కుంటుతుంది. చెవి కొన తెగి ఉండటం ఫొటోలో చూసి చిన్ని ఏడ్చింది. అది ఎవరో హింసించి చేసింది కాదు తల్లీ. వీధికుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసేటప్పుడు, మత్తులో ఉండగానే ఆ గుర్తు పెడతారు. దాన్ని మళ్లీ పట్టుకుని కోయనక్కర్లేదని దూరం నుంచే తెలుస్తుంది. మన దేశంలో ఈ ఆపరేషన్లకు 2001 నుంచి కేంద్ర ప్రభుత్వ నిబంధనలే ఉన్నాయి.

వచ్చిన రోజే మంచం కిందకు దూరింది. మేము గదిలో ఉన్నంతసేపు అన్నం ముట్టేది కాదు. తెల్లవారి చూస్తే గిన్నె ఖాళీ. నేను చీపురు తీస్తే చాలు, గోడకు అతుక్కుపోయి వణికేది. ఎన్ని దెబ్బలు తిన్నదో అనుకుంటే నాకు కడుపు తరుక్కుపోయేది. చీపురు దాని కంటపడకుండా పెరట్లో దాచాను.

తాతయ్య రోజూ సాయంత్రం మంచం పక్కన నేల మీద కూర్చుని పేపరు చదివేవారు. దాని వైపు చూసేవారు కాదు. భయపడిన కుక్కను సూటిగా చూస్తే బెదిరిస్తున్నామనుకుంటుందని డాక్టరమ్మ చెప్పింది. అరచేయి మాత్రం నేల మీద తెరిచి ఉంచేవారు. పదకొండో రోజున ఆ చేతికి తడి ముక్కు తగిలింది. తాతయ్య కదల్లేదు, పేపరు పేజీ కూడా తిప్పలేదు. వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్న నాకు కళ్లు చెమర్చాయి.

ఇంకో పది రోజులకు, తాతయ్య బజారు నుంచి వచ్చి గేటు గడియ తీసిన చప్పుడుకు మల్లి కుంటుకుంటూనే పరుగెత్తింది. తోక ఒక్కటే కాదు, నడుము దగ్గర నుంచి ఒళ్లంతా ఊగింది. డెబ్బై ఏళ్ల మనిషి పాలపొడి, ఉల్లిపాయల సంచితో సహా అక్కడే చతికిలబడి నవ్వారు. చాలా ఏళ్ల తర్వాత ఆ నవ్వు విన్నాను.

తెచ్చుకుంటే మాత్రం బాధ్యత కూడా మీదే. కుక్క పన్నెండు, పదమూడేళ్లు బతకవచ్చు, అంటే బుజ్జి కాలేజీ ముగించేదాకా. ముద్దొచ్చినా చాక్లెట్, ద్రాక్ష, ఉల్లి పెట్టకూడదు, అవి దానికి విషం. రేబిస్ టీకా తప్పకూడదు. ఏ కుక్క కరిచినా, పన్నుగాటు చిన్నదైనా, సబ్బునీళ్లతో పావుగంట కడిగి వెంటనే పెద్దవాళ్లకు చెప్పి ఆసుపత్రికి వెళ్లాలి. తిడతారని దాచకండి.

వేసవి సెలవుల్లో వస్తారుగా. గేటు తీయగానే పరుగెత్తి మల్లిని పట్టుకోకండి. వరండాలో కూర్చుని, అరచేయి తెరిచి కింద పెట్టండి. అదే వస్తుంది.

మీ అమ్మమ్మ