ఎస్పెరాంతో ‘ఒరాంజ’: నకారం పోగొట్టుకున్న నారింజ

ఎస్పెరాంతోలో నారింజ పండు ‘ఒరాంజో’, నారింజ రంగు ‘ఒరాంజ’. ఆ భాషలో నామవాచకానికి చివర ‘ఓ’, విశేషణానికి ‘అ’ వస్తాయి. పండు పేరులో ఒక్క అచ్చు మారిస్తే రంగు పేరు తయారు. జామెన్‌హోఫ్ అనే ఆయన తానే రూపొందించి 1887లో, అప్పట్లో రష్యా ఏలుబడిలో ఉన్న పోలండ్ నగరం వార్సాలో ప్రకటించిన ఈ కృత్రిమ భాషలో మాటలు మాత్రం చాలావరకు కృత్రిమం కావు, యూరప్ భాషల నుంచి తెచ్చుకున్నవి. ‘ఒరాంజో’ ఫ్రెంచి నుంచి వచ్చింది.

ఫ్రెంచికి ఎక్కడిది? దారి పట్టుకుని వెనక్కి నడిస్తే మన పెరట్లోకే వస్తాం. సంస్కృతంలో నారంగం, పారశీకంలో నారంగ్, అరబ్బీలో నారంజ్, స్పానిష్‌లో నరాంహ. సంస్కృతానికి ఈ మాట ద్రావిడ భాషల నుంచే వెళ్లి ఉంటుందని చాలామంది భాషావేత్తల అభిప్రాయం. మలయాళంలో నారంగ, తమిళంలో నార్త్తంగాయ్ ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. అరబ్బులు సుమారు 10, 11 శతాబ్దాల్లో సిసిలీకి, స్పెయిన్‌కు చేర్చింది తియ్యటి పండును కాదు, పులుపూ చేదూ కలిసిన జాతిని. తియ్యటిది అక్కడ వ్యాపించింది ఆ తర్వాత కొన్ని శతాబ్దాలకు.

మరి మొదటి ‘న’ ఏమైంది? ఇటాలియన్‌లో ‘ఒక’ అనడానికి స్త్రీలింగంలో ‘ఊనా’ అంటారు. ‘ఊనా నరాంచ’ అని గబగబా పలికితే రెండు నకారాలు ఒకదాన్నొకటి మింగేస్తాయి. విన్నవాళ్లు ‘ఊన్ అరాంచ’ అని విడదీసుకున్నారు. ఫ్రెంచిలోనూ దాదాపు ఇదే జరిగింది. పైగా ఫ్రెంచిలో బంగారాన్ని ‘ఓర్’ అంటారు, ఆ పండు మెరుపు చూసి మొదట్లో ‘ఒ’ చేరిందని ఒక వివరణ. హంగేరియన్ ‘నరాంచ్’ మాత్రం నకారాన్ని భద్రంగా దాచుకుంది.

జామెన్‌హోఫ్ చుట్టూ వినిపించిన రష్యన్‌లో ఒక తమాషా ఉంది. అక్కడ పండు ‘అపెల్సిన్’, అంటే చైనా ఆపిల్. రంగు మాత్రం ఫ్రెంచి వాసన కొట్టే ‘ఒరాంజెవీ’. పండొక దారిన, రంగొక దారిన వచ్చాయన్నమాట.

ఎస్పెరాంతోలో ఆ రెండూ మళ్లీ ఒక్క ధాతువు కిందికి చేరాయి. దాంతో చిన్న చిక్కు కూడా వచ్చింది. ‘ఒరాంజ’ అంటే నారింజకు సంబంధించినదా, ఆ రంగులో ఉన్నదా? స్పష్టత కోరేవారు ‘ఒరాంజ్‌కొలోర’ అని రంగును విడిగా చెబుతారు. అది అచ్చంగా మన ‘నారింజ రంగు’ లాంటి సమాసమే. మిగతావారికి ‘ఒరాంజ’ చాలు. మనం మాత్రం? ‘నారింజ రంగు చీర’ అన్నా, ‘నారింజ చీర’ అన్నా దుకాణంవాడు అదే చీర తీసి చూపిస్తాడు.