చలి నేర్పిద్దామని పెట్టిన తోట

స్పెయిన్ వాళ్ల కేనరీ దీవుల్లో టెనెరిఫే అని ఒకటుంది, అక్కడ ప్యూర్టో డి లా క్రూజ్ ఊళ్లో సముద్రానికి కాస్త ఎగువన ఒక పాత బొటానికల్ గార్డెన్ ఉంది, మొత్తం కలిపితే ఐదెకరాలే. నవంబర్‌లో మాడ్రిడ్ పార్కుల్లో ఆకులు రాలుతుంటే ఇక్కడ మాత్రం ఎటు చూసినా పచ్చదనమే. అన్నిటికంటే ముందు కళ్లు పోయేది ఆస్ట్రేలియా వాళ్ల లార్డ్ హోవ్ దీవి నుంచి వచ్చిన మర్రి జాతి చెట్టు మీదకి. మన మర్రిలాగే ఊడలు దించుతుంది, నేలకి దిగిన ఊడలు ఒక్కోటీ మానంత లావయ్యాయి, అసలు మొదలు ఏదో వెతుక్కోవాల్సిందే, ఎంతసేపైనా చూడబుద్ధేస్తుంది.

1788లో మూడో కార్లోస్ రాజు ఆర్డర్‌తో మొదలైన తోట ఇది. వేడి దేశాల నుంచి తెచ్చిన మొక్కల్ని ముందు ఇక్కడ పెంచి, కొంచెం కొంచెం చల్లదనం అలవాటు చేసి, తర్వాత మాడ్రిడ్, అరాన్హ్వేజ్‌లలోని రాజుగారి తోటలకి పంపాలని ప్లాన్. ఇక్కడ బాగానే పెరిగాయి, మాడ్రిడ్ చలికి మాత్రం తట్టుకోలేకపోయాయి. 1799లో జర్మన్ ప్రకృతి శాస్త్రవేత్త హంబోల్ట్ దక్షిణ అమెరికా వెళ్తూ దారిలో ఈ తోట చూశాడు కూడా.

ఎందుకు ఫెయిలయిందో అర్థం కావాలంటే చలిదేశం చెట్టు ఈ సీజన్‌లో ఏం చేస్తుందో చూడాలి. ఆకులు రాల్చడం మనకి కనపడేది, అసలు పని లోపల జరుగుతుంది. పగలు తగ్గుతోందని చెట్టు పసిగడుతుంది, రాత్రుళ్లు చల్లబడేకొద్దీ కణాల్లో చక్కెరలు పెంచుకుంటుంది, కణాల చుట్టూ ఉండే పొరల్లో కొవ్వుల రకం మార్చుకుంటుంది. చలికాలంలో కొబ్బరినూనె సీసాలో గడ్డకడుతుంది కానీ పక్కనే ఉన్న వేరుశనగ నూనె కారుతూనే ఉంటుంది కదా, ఆ పొరలు రెండో రకానికి దగ్గరగా మారతాయన్నమాట. వేడి దేశం మొక్కల్లో చాలావాటికి ఈ మార్పు చేసుకునే జన్యువుల ఏర్పాటు సరిగా ఉండదు, మంచు పడక్కర్లేదు, 10-12 డిగ్రీలకే పొరలు బిగుసుకుని లోపలివి బయటికి కారడం మొదలవుతుంది. ఫ్రిజ్‌లో పెట్టిన అరటిపండు తొక్క నల్లబడేది కూడా ఇందుకే. అది ఒక మొక్క ఎన్నేళ్లు ఓపిక పట్టినా నేర్చుకునే విషయం కాదు, తరతరాల ఎంపికలో రావాల్సిందే.

పైగా తోట ఉన్న చోటు కూడా అలాంటిదే! ఢిల్లీ ఎంత ఉత్తరాన ఉందో ఇదీ దాదాపు అంతే, కానీ ఢిల్లీలా వణికించదు. చుట్టూ సముద్రం, ఈశాన్యం నుంచి వచ్చే గాలులు, వెనక టెయిడే కొండవాలు మీద ఆగిపోయే మబ్బులు, ఇవన్నీ కలిసి ఎండనీ చలినీ రెండిటినీ మెత్తబరుస్తాయి. చలి నేర్పాలనుకున్న చోట నేర్పేంత చలే లేదు.

దీనికి రివర్స్ కూడా ఉంది. చాలా ఆపిల్ రకాలకి చలికాలంలో కొన్ని వందల గంటల చలి తగలకపోతే మొగ్గలు సరిగా విచ్చుకోవు, అందుకే ఆ తోటలు కశ్మీర్‌లో, హిమాచల్‌లో ఉన్నాయి కానీ మన కాకినాడలో లేవు.