అపోహలు - వాస్తవాలు: “సంతకం ఒక్కటే నాది, నింపింది ఏజెంటు”

సింగపూర్‌లో ఒక న్యాయవాదుల కార్యాలయంలో పని చేస్తున్నాను. మ్యాన్‌పవర్ మంత్రిత్వ శాఖ, అంటే మనవాళ్లు ఎంఓఎం అనే శాఖ, వర్క్ పాస్ (ఇక్కడ పని చేయడానికి ఇచ్చే అనుమతి) దరఖాస్తులో అబద్ధం ఉందని విచారణకు పిలిచిందంటే తెలుగువాళ్లు ముందు నా బల్ల దగ్గరికే వస్తారు. వాళ్ల మొదటి మాట నాకు కంఠతా వచ్చేసింది. “అక్కా, సంతకం ఒక్కటే నాది. అన్నీ ఏజెంటే నింపాడు.” మొన్న మంగళవారం ఒక్కరోజే ఇద్దరి నోట విన్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: ఫారం నింపినవాడిదే తప్పు.

కాదు. మన వాట్సాప్ గ్రూపుల్లో ఈ మాటను ఎవరు మొదలుపెట్టారో గాని, దీన్ని నమ్మి జైలుకు వెళ్లినవాళ్లను నేను చూశాను. విదేశీ ఉద్యోగుల నియామక చట్టంలో 22(1)(డి) అని ఒక నిబంధన ఉంది. వర్క్ పాస్ కోసం ఇచ్చిన సమాచారం అబద్ధమని తెలిసి ఇస్తే నేరం. అక్కడితో ఆగలేదు: అబద్ధమని మీకు తెలిసి ఉండవలసిన పరిస్థితి ఉన్నా నేరమే. ముఖ్యమైన విషయం దాచి తప్పుదోవ పట్టించినా నేరమే. ఒక్కో అభియోగానికి 20,000 సింగపూర్ డాలర్ల వరకు జరిమానా, 2 ఏళ్ల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. ఏజెంటు దొరికితే అతని మీద వేరే కేసు నడుస్తుంది. దానితో మీ కేసు మాయం కాదు.

కొన్నేళ్ల క్రితం గోదావరి జిల్లా అబ్బాయి ఒకడు వచ్చాడు. బీటెక్‌లో మూడు సబ్జెక్టులు మిగిలిపోయాయి. ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీ డబ్బు తీసుకుని ప్రొవిజనల్ సర్టిఫికెట్, సీఎంఎం (అన్ని మార్కులూ ఉన్న మెమో), ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) అన్నీ చేతిలో పెట్టింది. “యూనివర్సిటీలో మనవాళ్లున్నారు, ఒరిజినలే” అని చెప్పారట. ఆ మాట నమ్మానని నాతో పదిసార్లు అన్నాడు. “సరే నాన్నా, ఆ మూడు పరీక్షలు మళ్లీ ఎప్పుడు రాశావు?” అని అడిగాను. తల దించుకున్నాడు. చట్టంలోని “తెలిసి ఉండవలసిన” అనే మాటకు అర్థం ఆ తల దించుకోవడమే. విచారణాధికారి కూడా అదే ప్రశ్న అడిగాడు.

వాడు దొంగ కాదు. ఇంటి మీద అప్పు, పెళ్లి కావలసిన చెల్లెలు, భయం. కోర్టులో ఇవన్నీ చెప్పుకున్నాం, జడ్జి ఓపికగా విన్నారు. అయినా కొన్ని వారాల జైలు తప్పలేదు.

ఎందుకు తప్పలేదంటే, ఇక్కడి కోర్టులు ముందుగా చూసేది ఒకటే: ఆ అబద్ధం లేకపోతే పాస్ వచ్చేదా? రాదు అంటే జరిమానాతో బయటపడే దారి బాగా ఇరుకవుతుంది. 2019లో హైకోర్టు ఈ నేరానికి శిక్ష తూచే పద్ధతిని ఒక తీర్పులో స్పష్టం చేసింది. అబద్ధం వల్ల జరిగిన హాని ఒక పక్క, చేసినవాడి దోషం ఎంతన్నది మరో పక్క పెట్టి చూస్తారు. పథకం ప్రకారం చేశాడా, లాభం పొందాడా, అతని పాత్ర ఎంత అన్నవి లెక్కలోకి వస్తాయి. “మొదటి తప్పు కదా, వదిలేస్తారు” అనే ఓదార్పు ఈ తూకంలో పెద్దగా పని చేయదు. నేరం త్వరగా ఒప్పుకుంటే శిక్ష తగ్గవచ్చు. 2023 అక్టోబరు నుంచి అమలులో ఉన్న మార్గదర్శకాల ప్రకారం తొలి దశలోనే ఒప్పుకున్నవారికి 30 శాతం వరకు తగ్గించే వీలుంది.

శిక్ష ముగిశాక వాళ్ల నాన్నగారు ఫోను చేశారు. “అమ్మా, మళ్లీ ఆ కంపెనీవాళ్లే తీసుకుంటారా?” అన్నారు. ఇలాంటి కేసుల్లో శిక్ష పడ్డవారిని మళ్లీ సింగపూర్‌లో పని చేయకుండా నిషేధిస్తారు. ఆ సంగతి ఆయనకు ఎలా చెప్పానో ఇప్పుడు గుర్తు లేదు.

అపోహ: పాస్ రెండుసార్లు రెన్యువల్ అయింది, ఇక పాత కథ ఎవరు తవ్వుతారు?

తవ్వుతారు. పైగా రెన్యువల్‌కు అదే అబద్ధం మళ్లీ చెబితే అది ఇంకో అభియోగం కావచ్చు. 2023 సెప్టెంబరు నుంచి కొత్త ఎంప్లాయ్‌మెంట్ పాస్ (వృత్తి నిపుణులకు ఇచ్చే వర్క్ పాస్) దరఖాస్తుల్లో డిగ్రీ చూపిస్తే, దాన్ని తనిఖీ చేయించిన రుజువు కూడా పెట్టాలి. ఇంకా దొంగ సర్టిఫికెట్లు అమ్ముతున్నవాళ్ల ధైర్యానికి నాకు ఒళ్లు మండుతుంది.

అపోహ: దరఖాస్తులో జీతం ఎక్కువ చూపించి, తేడాను ఉద్యోగి యజమానికి నగదుగా తిరిగి ఇవ్వడం మామూలే.

మామూలు కాదు, నేరం. ఉద్యోగం ఇచ్చినందుకు కార్మికుడి దగ్గర డబ్బు తీసుకున్న యజమానికి 30,000 డాలర్ల వరకు జరిమానా, 2 ఏళ్ల వరకు జైలు ఉన్నాయి. తెలిసి ఒప్పందంలో చేరిన ఉద్యోగికీ చిక్కే. మీకు తెలియకుండా ఎక్కువ జీతం చూపించి ఉంటే మాత్రం మీరు ముద్దాయి కాదు, బాధితులు. ఐపీఏ ఉత్తరంలో, అంటే పాస్‌కు ముందుగా ఎంఓఎం ఇచ్చే ప్రాథమిక ఆమోద పత్రంలో, మీ జీతం ఎంతని రాశారో చదవండి. దయచేసి విమానం ఎక్కే ముందే చదవండి.

అపోహ: పేరులో అక్షరం తేడా ఉన్నా ఫోర్జరీ కేసు పెడతారు.

ఈ భయంతో నిద్ర పట్టనివాళ్లే నాకు ఎక్కువ ఫోన్లు చేస్తారు, పాపం. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు. మన రెండు రాష్ట్రాల్లో ఇలా లేని కుటుంబం ఉందా? ఇది నేరం కాదు. తేడా ఎందుకు వచ్చిందో కంపెనీకి ముందే రాతపూర్వకంగా చెప్పండి. తేడా కప్పిపుచ్చడానికి మెమోను స్కాన్ చేసి కంప్యూటర్‌లో అక్షరాలు దిద్దకండి. నిజమైన డిగ్రీ ఉన్న ఒకావిడ సరిగ్గా ఆ పని చేసి మా దగ్గరికి వచ్చింది.

విచారణకు పిలుపు వచ్చినవాళ్లు ఏజెంటుతో నడిచిన సందేశాలు చెరపకండి. అక్కడ ఇంకో కట్టుకథ చెప్పకండి, అధికారికి చెప్పిన అబద్ధానికి వేరే అభియోగం ఉంటుంది. ఐపీఏ, సంతకం చేసిన డిక్లరేషన్ నకలు, డబ్బు పంపిన రసీదులు ఉన్నవి ఉన్నట్టు పట్టుకుని న్యాయవాదిని కలవండి. విచారణ ముగిశాక కాదు, ముందు.